లోదుస్తుల ర్యాంపు మీద శరీర వైవిధ్యాన్ని కొలిచేదెలా?

సంపాదకులకు నమస్కారం.

మీ పత్రిక ఆదివారం అనుబంధంలో అమెరికా కంపెనీ విక్టోరియాస్ సీక్రెట్ లోదుస్తుల ఫ్యాషన్ షో గురించి వచ్చిన వ్యాసం చదివాను. ఒకప్పుడు సన్నజాజి తీగల్లాంటి మోడళ్లకే పరిమితమైన ఆ వేదిక మీద ఇప్పుడు అన్ని రకాల శరీరాలకూ చోటు దక్కిందని వ్యాసకర్త రాశారు. అందుకు ఆధారంగా ముగ్గురు నలుగురు మోడళ్ల పేర్లు, రెండు రంగుల ఫొటోలు ఇచ్చారు. డిగ్రీ కళాశాలలో గణాంకశాస్త్రం బోధించే నాకు అక్కడే పేచీ వచ్చింది. మొత్తం ఎంతమంది నడిచారు, వారిలో ఏ కొలతవారు ఎందరు, ఒక్కొక్కరికి ఎన్నిసార్లు నడిచే అవకాశం వచ్చింది అనే లెక్క ఒక్కటీ చెప్పకుండా వైవిధ్యం వచ్చేసిందని తీర్పు ఇవ్వడం ఎలా కుదురుతుంది? అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే తెలుస్తుంది, ఎందుకంటే గిన్నెలోని మెతుకులన్నీ ఒకే నీళ్లలో ఉడికినవి. ర్యాంపు మీది మోడళ్ల విషయంలో ఆ వాదన చెల్లదు. అక్కడ ఆ ఒక్క మెతుకును ఏరి పైన పెట్టిందే మనం చూడటానికి.

ఆడవారి లోదుస్తుల గురించి పత్రికకు లేఖ రాయాలా అని ఇంట్లోనే నన్ను అడిగారు. కోట్లమంది చూసిన కార్యక్రమం గురించి, అది తమ శరీరం మీద తమకున్న అభిప్రాయాన్ని ఎలా మార్చిందో చెప్పుకోలేని ఆడపిల్లల గురించి రాయడానికి మొహమాటపడనవసరం లేదని నా ఉద్దేశం. 1977లో కాలిఫోర్నియాలో మొదలైన ఆ కంపెనీ 1995 ఆగస్టులో న్యూయార్క్‌లోని ప్లాజా హోటల్‌లో తొలి ప్రదర్శన పెట్టింది. 2001లో మొదటిసారి టీవీలో ప్రసారమైనప్పుడు అమెరికాలోనే దాదాపు 1.24 కోట్ల మంది చూశారు. 2018 నాటికి ఆ సంఖ్య 33 లక్షల దగ్గరికి పడిపోయింది. ఆ ఏడాది నవంబరులోనే, ఏళ్ల తరబడి ఆ షోను నడిపించిన మార్కెటింగ్ అధిపతి ఎడ్ రేజెక్ వోగ్ పత్రికతో మాట్లాడుతూ, ప్లస్ సైజు, అంటే పెద్ద సైజు వారితో ఒక టీవీ కార్యక్రమానికి 2000లోనే ప్రయత్నించామని, అప్పుడు ఎవరికీ ఆసక్తి లేదని, ఇప్పటికీ లేదని అన్నారు. పెద్ద దుమారం రేగింది. 2019 ఆగస్టులో ఆయన తప్పుకున్నారు, నవంబరులో షో రద్దయినట్టు ప్రకటన వచ్చింది. ఎవరికీ ఆసక్తి లేదన్న మాటకు ఆయన అంకె ఏదీ చూపలేదన్నది నాకు గుర్తుండిపోయిన విషయం. వైవిధ్యం అక్కర్లేదన్న వారూ లెక్క చూపలేదు, వైవిధ్యం వచ్చేసిందంటున్న వారూ చూపడం లేదు.

అంకెలతో మాట్లాడిన పరిశోధన ఒకటుంది. బోస్టన్ విశ్వవిద్యాలయ వైద్య పరిశోధకులు 1995 నుంచి 2018 దాకా ఆ షోలో నడిచిన మోడళ్ల కొలతలను సేకరించి, కాలక్రమంలో వచ్చిన మార్పును ఈస్థెటిక్ సర్జరీ జర్నల్‌లో ప్రచురించారు. ఛాతీ కొలత సగటున 32.9 అంగుళాల నుంచి 32కి, నడుము 24.7 నుంచి 23.6కి, తుంటి 34.9 నుంచి 34.4కి తగ్గాయి. అమెరికా లెక్కలో దుస్తుల సైజు సగటు 5.2 నుంచి 3.7కి వచ్చింది. నడుముకూ తుంటికీ ఉన్న నిష్పత్తి మాత్రం పెద్దగా మారలేదు. అంటే ఆకృతి అదే, మనిషే చిక్కింది. ఇదే కాలంలో సగటు అమెరికన్ మహిళ నడుము కొలత పెరిగింది. ఆమె దుస్తుల సైజు 16కూ 18కీ మధ్య ఉంటుందని మరో అధ్యయనం తేల్చింది. చూసేవారికీ చూపించేవారికీ మధ్య దూరం దాదాపు పాతికేళ్లలో రెండు వైపుల నుంచీ పెరిగిందన్నమాట. ఈ విషయంపై నేను చదివిన వాటిలో ఇంత సూటిగా చెప్పిన పరిశోధన మరొకటి లేదు.

అయితే ఈ అంకెలను కూడా కళ్లు మూసుకుని తీసుకోకూడదు. అమెరికాలో ఆడవారి దుస్తుల సైజులకు 1958లో ప్రభుత్వం ఒక ప్రమాణాన్ని ప్రకటించింది. 1983లో దాన్ని ఉపసంహరించుకుంది. ఆ తరువాత ఏ కంపెనీ సైజు ఆ కంపెనీదే. కొనేవారిని సంతోషపెట్టడానికి అదే అంకె కింద కాస్త వదులు బట్ట కుట్టడం వ్యాపారంలో అలవాటైంది. అందువల్ల 1995 నాటి 5వ సైజు, 2018 నాటి 5వ సైజు ఒకటేనని నమ్మి పోల్చడం ప్రమాదం. 5.2 నుంచి 3.7కి వచ్చిన తేడాలో కొంత మోడల్ చిక్కినందువల్ల, కొంత సైజు వదులైనందువల్ల వచ్చి ఉండవచ్చు. అంగుళాలకు ఈ బెడద లేదు కాబట్టి నడుము దగ్గర తగ్గిన ఆ 1.1 అంగుళాన్నే నేను ఎక్కువగా నమ్ముతాను. అంగుళాలకున్న చిక్కు వేరు. మోడల్ కొలతలను ఏజెన్సీలు ప్రకటిస్తాయి, బయటి పరిశోధకుడు టేపు పట్టి కొలవలేడు. పని దొరకడం కొలత మీద ఆధారపడిన వృత్తిలో ఆ కొలతను నిజాయతీగా రాస్తారని ఆశించడం మన అమాయకత్వం.

పైగా ర్యాంపు మీద కనిపించే శరీరం ఆ మనిషికి రోజూ ఉండే శరీరం కాకపోవచ్చు. ఆ షోలో ఎన్నో ఏళ్లు నడిచిన బ్రెజిల్ మోడల్ ఆడ్రియానా లిమా 2011లో ఒక బ్రిటిష్ పత్రికతో మాట్లాడుతూ, షోకు ముందు తొమ్మిది రోజులు ఘనాహారం మానేస్తానని, చివరి పన్నెండు గంటలు నీళ్ల వంటివి కూడా అసలు తీసుకోనని వివరించారు. ఆ మాటల మీద గగ్గోలు రేగింది, ఎవరినీ అలా చేయమనడం లేదని ఆమె తరువాత సర్దిచెప్పారు. పరిశోధన చేసేవారు దీన్నుంచి గ్రహించాల్సింది ఒకటుంది. అక్కడ మనం కొలిచేది తొమ్మిది రోజులు ఘనాహారం మానిన తరువాతి ఒక సాయంత్రపు శరీరాన్ని కావచ్చు. దాన్ని ఏడాది పొడవునా తిని తిరిగే స్త్రీల సగటుతో పోల్చినప్పుడు ఆ సంగతి రాయాలి.

ఇక సగటు దగ్గరికి వద్దాం. వైవిధ్యాన్ని సగటుతో కొలవలేమని మొదటి సంవత్సరం విద్యార్థికి కూడా తెలుసు, పాఠ్యపుస్తకంలో దాని పక్క పేజీలోనే వ్యాప్తి, ప్రామాణిక విచలనం ఉంటాయి. ఊహకు ఒక షో తీసుకుందాం. యాభై మంది మోడళ్లు, అందరి సైజూ 2. నిర్వాహకులు విమర్శకు జంకి ఇద్దరిని తీసేసి వారి చోట 16వ సైజు వారిని ఇద్దరిని పెట్టారు. సగటు 2 నుంచి 2.56కి చేరుతుంది, అంటే దాదాపు కదలనట్టే. కానీ అతి పెద్ద సైజుకూ అతి చిన్న సైజుకూ ఉన్న వ్యాప్తి సున్నా నుంచి ఒక్కసారిగా 14కు ఎగబాకుతుంది. విమర్శకుడు సగటు చూపించి ఏమీ మారలేదంటాడు, కంపెనీ ప్రతినిధి వ్యాప్తి చూపించి అంతా మారిందంటాడు. ఇద్దరివీ తప్పు లెక్కలు కావు. నిజం తెలియాలంటే ఇద్దరూ చెప్పని మూడోది చూడాలి: యాభై మందిలో నలభై ఎనిమిది మంది ఎక్కడున్నవారు అక్కడే ఉన్నారు. 4, 6, 8, 10, 12, 14 సైజుల గళ్లన్నీ ఖాళీగా ఉన్నాయి. మీ అనుబంధంలోని వ్యాసం వ్యాప్తిని చూసి మురిసిపోయింది.

ఈ వాటాల పద్ధతిలో లెక్క తీసేవారు లేకపోలేదు. వోగ్ బిజినెస్ సంస్థ న్యూయార్క్, లండన్, మిలాన్, పారిస్ ఫ్యాషన్ వారాల్లో ర్యాంపు మీదికి వచ్చిన ఒక్కో వేషాన్నీ, అంటే ఒక మోడల్ ఒకసారి వేసుకొచ్చిన దుస్తులను, లెక్కపెట్టి ప్రతి సీజన్‌కూ నివేదిక ఇస్తూ వచ్చింది. అవి లోదుస్తుల షోలు కావు, అన్ని రకాల దుస్తులవి. కానీ పద్ధతి మనకు పనికొస్తుంది. 2025 వసంత, వేసవి సీజన్‌లో 208 షోలలో 8,763 వేషాలను చూస్తే 94.9 శాతం 0 నుంచి 4 లోపు సైజులవారివి, 4.3 శాతం 6 నుంచి 12 వరకు ఉన్న మధ్యస్థ సైజులవారివి, 0.8 శాతం 14, ఆపై సైజులవారివి. ఆ తరువాతి శరదృతు, శీతకాల సీజన్‌లో మొదటి వాటా 97.7కు పెరిగి, మధ్యస్థం 2 శాతానికి, ప్లస్ సైజు 0.3 శాతానికి పడిపోయాయి. అందరూ ఆ చివరి అంకెను చూసి బాధపడుతున్నారు. నన్ను ఎక్కువగా ఆపింది మధ్యలోని అంకె. మధ్యస్థ సైజు స్త్రీ ఎక్కడ చూసినా కనిపించే మనిషే, అయినా ఆమె కోసం ఎవరూ ఉద్యమం నడపరు. ఆమె వార్త అయ్యేంత లావూ కాదు, ర్యాంపుకు పనికొచ్చేంత సన్నమూ కాదు.

లోదుస్తుల దగ్గరికి వచ్చేసరికి ఈ పద్ధతి కూడా సరిపోదు, ఎందుకంటే బ్రా సైజు ఒక్క అంకె కాదు. ఛాతీ కింద చుట్టూ వచ్చే పట్టీ కొలతను బట్టి ఒక అంకె, కప్పును బట్టి ఒక అక్షరం. 34బి, 36ఏ, 32సి అన్నవి మూడు వేర్వేరు పట్టీలు, కానీ కప్పు ఇంచుమించు ఒకటే. సన్నని నడుము, చిన్న పట్టీ, పెద్ద కప్పు ఉన్న అమ్మాయి ఏ లెక్కలోనూ ప్లస్ సైజు కాదు, కానీ ఆమెకు సరిపోయే బ్రా దొరకడమే గగనం. పట్టీ పెద్దదై కప్పు చిన్నదైన వారిదీ అదే అవస్థ. లోదుస్తుల షోలో శరీర వైవిధ్యాన్ని పరిశోధించేవారు గౌను సైజును అరువు తెచ్చుకుని కొలిస్తే, ఆ బట్ట దేనికోసం పుట్టిందో దాన్నే వదిలేసినట్టవుతుంది.

మా కళాశాలలో గృహవిజ్ఞానం, గణాంకశాస్త్రం చదివే అమ్మాయిలు కొందరు కలిసి ఈ లెక్క తీసే ప్రయత్నం చేశారు. ప్రాజెక్టు పేరు నోటీసు బోర్డు మీద పెట్టాల్సి వచ్చినప్పుడు "వస్త్ర ప్రదర్శనల్లో కొలతల అధ్యయనం" అని గంభీరంగా రాసుకున్నారు. నేనూ మార్చమనలేదు. 2024 అక్టోబరు 15న బ్రూక్లిన్‌లో జరిగిన షో వీడియోను ఆపి ఆపి చూస్తూ, ఒక్కో మోడల్‌ను చిన్న, మధ్యస్థ, పెద్ద అనే మూడు గళ్లలో వేయడం వారి పని. ఫలితాలు ప్రచురించే స్థాయివి కావు కాబట్టి ఇక్కడ ఇవ్వడం లేదు. పని జరిగిన తీరు మాత్రం చెప్పదగింది. ఒకే మోడల్‌ను ఒక అమ్మాయి మధ్యస్థం అంది, పక్కనే కూర్చున్న అమ్మాయి పెద్ద అంది. వెనక్కి తిప్పి చూస్తే కారణం దొరికింది. ఆమెకు ముందు నడిచిన మనిషి మరీ సన్నగా ఉంది, ఆ వెంటనే వచ్చినందుకు ఈమె లావుగా కనిపించింది. మరోసారి భుజాల నుంచి మోకాళ్ల దాకా ఈకల రెక్కలు కప్పేసి నడుమే కనిపించలేదు. కెమెరాను నేల దగ్గర పెట్టి తీసిన చోట అందరూ పొడుగ్గా, సన్నగా అనిపించారు. అప్పటి నుంచి వీడియోలోంచి నిశ్చల చిత్రాలు తీసి, వరుస కలిపేసి, ఇద్దరు ఒకరి పట్టిక ఒకరు చూడకుండా గుర్తులు పెట్టి, తరువాత ఎంతవరకు ఏకీభవించారో కోహెన్ కప్పా అనే సూచికతో లెక్కించడం మొదలుపెట్టారు. కంటి అంచనాతో చేసే ఏ పరిశోధనలోనైనా ఈ సూచిక విలువ ప్రకటించకపోతే మిగతా శాతాలను నమ్మనవసరం లేదు.

వారిలో ఒకమ్మాయి మధ్యలో పెన్ను పక్కన పెట్టి, "మేడమ్, మనమూ వాళ్లని తూకం వేస్తున్నట్టే ఉంది కదా" అంది. ప్రశ్న న్యాయమైనదే. పట్టికలో మోడళ్ల పేర్లు రాయకుండా, వరుస సంఖ్యలు మాత్రమే రాసి, వ్యక్తుల గురించి కాకుండా వాటాల గురించి మాత్రమే మాట్లాడాలని అందరం అనుకున్నాం. ఆ అమ్మాయి సందేహం పూర్తిగా తీరిందని నేననుకోను.

కనిపించడం ఒక్కటే లెక్క కాదు, ఎలా కనిపించారన్నదీ లెక్కే. ఒక మోడల్ ఎన్ని వేషాల్లో వచ్చింది, కెమెరా ఆమె మీద ఎన్ని క్షణాలు నిలిచింది, మిగతావారు బ్రాతో నడిచినప్పుడు ఆమెకు పైన గౌను కప్పారా, వీటన్నిటికీ గళ్లు ఉండాలి. గాయని రిహానా 2018లో మొదలుపెట్టిన సావేజ్ ఎక్స్ ఫెంటీ తొలి షోలోనే గర్భిణులు నడిచారు. అక్కడ పెద్ద సైజు మోడళ్లు వరుసలో భాగంగా కనిపించారే తప్ప ప్రత్యేక అతిథుల్లా కాదు. విక్టోరియాస్ సీక్రెట్ 2021లో తన ప్రచారకర్తల బృందంలోకి ఫుట్‌బాల్ క్రీడాకారిణి మేగన్ రపినో, ప్లస్ సైజు మోడల్ పలోమా ఎల్సెసర్‌లతో పాటు మన ప్రియాంకా చోప్రాను కూడా తీసుకుంది. 2024లో తిరిగొచ్చిన షోలో మరో ప్లస్ సైజు మోడల్ ఆష్లీ గ్రాహమ్, పలోమా ఎల్సెసర్ నడిచారు, యాభయ్యో పడిలో ఉన్న టైరా బ్యాంక్స్, అంతకన్నా పెద్దదైన కార్లా బ్రూనీ నడిచారు. 2025లో నిండు గర్భిణి జాస్మిన్ టూక్స్ షోను ప్రారంభించింది. ఇవి చిన్న మార్పులని నేననను. వయసు, మాతృత్వం, సైజు వేర్వేరు కొలబద్దలని, ఒకదానిలో వచ్చిన మార్పును మరొకదాని ఖాతాలో జమ కట్టవద్దని మాత్రమే అంటున్నాను. ఎత్తు సంగతి ఎవరూ ఎత్తడమే లేదు. పొట్టి మోడల్ కోసం ఇంతవరకూ సంతకాల ఉద్యమం నడిచినట్టు నేను వినలేదు.

అమెరికా షోతో గుంటూరుకు ఏం పని అంటారా? ఇక్కడి బజారులో ఏ లోదుస్తుల దుకాణానికైనా వెళ్లి, కౌంటరు వెనక పేర్చిన అట్టపెట్టెలను చూడండి. పెట్టె లోపల 40 సైజు ఉన్నా పెట్టె మీద బొమ్మ మాత్రం ఆ ర్యాంపు నుంచి దిగివచ్చినట్టే ఉంటుంది. అక్కడ కప్పు అక్షరం అడిగేవారుండరు. "34 అయిపోయిందమ్మా, 36 తీసుకోండి, సరిపోతుంది" అని చెప్పి, న్యూస్‌పేపర్లో చుట్టి, నల్ల కవరులో వేసి ఇస్తారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 36.3 శాతం, తెలంగాణలో 30.1 శాతం మహిళలు అధిక బరువు లేదా స్థూలకాయంతో ఉన్నారు. అదే సర్వేలో ఉండాల్సిన దానికన్నా తక్కువ బరువున్నవారు ఆంధ్రలో 14.8 శాతం, తెలంగాణలో 18.8 శాతం. రెండు చివరలా ఇంతమంది ఉన్న చోట ఒకే బొమ్మ అన్ని పెట్టెల మీదా ఉండటం వింతగానే ఉంటుంది. భారతీయుల శరీర కొలతల పట్టిక తయారు చేయడానికి జాతీయ ఫ్యాషన్ టెక్నాలజీ సంస్థ, నిఫ్ట్, కేంద్ర జౌళి శాఖతో కలిసి పాతిక వేల మందికి పైగా స్త్రీ పురుషులను త్రీడీ స్కానర్లతో కొలిచే ఇండియాసైజ్ కార్యక్రమాన్ని చేపట్టింది. అందుకు ఎంచుకున్న ఆరు నగరాల్లో హైదరాబాద్ ఒకటి. మన ర్యాంపులనూ ప్రకటనలనూ పరిశోధించాలనుకునే విద్యార్థులు అమెరికన్ సగటును అరువు తెచ్చుకోవడం మాని, పోలికకు ఇటువంటి దేశీయ కొలతలను ఆధారం చేసుకోవాలి. బ్రా విషయంలో పట్టీ, కప్పు రెండూ విడివిడిగా ఉన్న పట్టిక ఉంటేనే ఆ పోలికకు అర్థం.

సంపాదకులుగా మీకు నా విన్నపం ఒక్కటే. ఈసారి ఏ ఫ్యాషన్ షో గురించైనా శరీర వైవిధ్యం అన్న మాట వాడే వ్యాసం మీ బల్ల మీదికి వచ్చినప్పుడు, మొత్తం వేషాలెన్ని, వాటిలో చిన్న, మధ్యస్థ, పెద్ద సైజులవారి వాటా ఎంత, ఆ షోలో చూపించిన బట్ట దుకాణంలో ఏ సైజు నుంచి ఏ సైజు దాకా దొరుకుతుంది అని వ్యాసకర్తను అడగండి. మూడో ప్రశ్నకు జవాబు కంపెనీ వెబ్‌సైటులోనే దొరుకుతుంది, మొదటి రెండింటికీ వీడియో చూసి లెక్కపెట్టే ఓపిక కావాలి. ఆ ఓపిక మీ విలేకరులకు లేకపోతే మా అమ్మాయిలకు ఉంది. వారు తయారు చేసిన పట్టిక నమూనాను ఈ లేఖకు జతచేస్తున్నాను. దాన్ని అచ్చు వేయడానికి మీరు ఆ వ్యాసంలో వేసిన రెండు ఫొటోల్లో ఒకదానికి పట్టినంత చోటు చాలు.

భవదీయురాలు,
గణాంకశాస్త్ర అధ్యాపకురాలు,
గుంటూరు.